బంగారం తినే మట్టి

"కుడి కన్ను మూసుకుని కింది లైను చదువు," అన్నారు పెద్దాయన.

పెన్సిల్ కుడి కన్ను మూసుకుంది. కళ్లజోళ్ల షాపు వెనక గదిలో, గోడ మీది అక్షరాల చార్టులో, అన్నిటికన్నా కింది లైను ఆవగింజలు వరసగా పేర్చినట్టు ఉంటుంది. మామూలు కస్టమర్లెవరూ దాన్ని చదవలేరు. చదవగలిగినవాళ్లకి జీతం ఈ షాపు నుంచి కాదు, ఇంకో చోటి నుంచి వస్తుంది.

"సర్కారీ బంగారం ప్లాంటు. రెండు నెలలుగా దిగుబడి మాయం. నిందితురాలు మెటలర్జిస్టు. ఈ సాయంత్రం విజిలెన్సుకి అప్పగింత." పెన్సిల్ ఆగిపోయింది.

"చదువు."

"ఆ తర్వాత ఏం రాశారో కనపడట్లేదు సర్."

"కనపడుతోంది. చదవాలని లేదు."

నిజమే. మిగిలింది ఒక్క మాట. ఆ మెటలర్జిస్టు పేరు. అది పెన్సిల్ వాళ్ల అక్క పేరు.

పెన్సిల్ అన్నది ఏజెన్సీ పెట్టిన కోడ్‌నేమ్. సన్నగా ఉంటుందని ఒక కారణం. ఏ బాసు చేతికి దొరికినా చెక్కి వదిలిపెడతాడని రెండో కారణం.

"రూల్ ప్రకారం సొంత మనుషుల కేసుకి నిన్ను పంపకూడదు," అన్నారు పెద్దాయన, ట్రయల్ ఫ్రేమ్‌లో లెన్సు మారుస్తూ. "మిగతా ఇద్దరినీ అడిగాను. ఒకడికి జ్వరమట. ఇంకొకడు ఫోనే ఎత్తలేదు. ఓడిపోయే కేసని ఇద్దరికీ తెలుసు."

"ఓడిపోతే?"

"ఖజానా బంగారం చట్టం. దాని కింద లోపలికెళ్లి బయటికొచ్చిన మనిషిని నా సర్వీసులో చూడలేదు."

చిన్నప్పుడు స్కూల్లో ఎవడైనా జుట్టు లాగితే అక్క వెళ్లి వాడి జుట్టు లాగి వచ్చేది. ఇప్పుడు అక్క జుట్టు సర్కారు చేతిలో ఉంది.

"లోపల మనవాడొకడున్నాడు. కోడ్‌నేమ్ అత్తరు. ప్రాసెస్ కన్సల్టెంట్ వేషం. నువ్వు ల్యాబులో త్రాసులు సరిచూసే ఇంజనీరువి. అతను 'మీ త్రాసు నిజం చెప్తుందా?' అంటాడు. నువ్వు 'గాలి ఆడకపోతే చెప్తుంది' అనాలి. ఇదిగో, ఈ కళ్లజోడు. ముక్కు దగ్గర కెమెరా ఉంది."

"దీనికి ప్రాబ్లమ్ ఏంటి సర్? మీరిచ్చే ప్రతిదానికీ ఏదో ఒకటి ఉంటుంది కదా."

పెద్దాయన కాస్త నొచ్చుకున్నారు. "ఆవిరి తగిలితే మసకబారుతుంది. మిగతా అంతా ఫస్ట్ క్లాస్."

*

ప్లాంటులో ప్రతి వస్తువు మీదా నల్లటి ధూళి. మెట్ల రెయిలింగ్ మీద, ఫైర్ బకెట్ మీద, సెక్యూరిటీ గార్డు కనుబొమల మీద. అత్తరు బూట్లు మాత్రం అద్దాల్లా మెరుస్తున్నాయి. మనిషి కనపడకముందే వాసన వచ్చి పలకరించింది. తెల్ల లినెన్ చొక్కా, మోచేతి దాకా మడిచిన చేతులు, ఎదుటివాళ్లు చెప్పేది ప్రపంచంలోకెల్లా ముఖ్యమైన సంగతి అన్నట్టు వినే కళ్లు.

"మీ త్రాసు నిజం చెప్తుందా?"

"గాలి ఆడకపోతే చెప్తుంది," అంది పెన్సిల్, తూకపు రాళ్ల పెట్టె చంకలో పెట్టుకుని. ఆరు నెలలుగా అక్క మెసేజుల్లో 'ఇక్కడ ఒకాయన ఉన్నాడే' అని వస్తున్న ఆ ఒకాయన ఎవరో అప్పుడే అర్థమైంది. అక్కని తప్పు పట్టాలనిపించలేదు.

"ఆమెని పైన శాంపిల్ స్టోర్‌లో పెట్టారు. ఇక్కడ లాకప్ లేదుగా," అన్నాడు నడుస్తూ. "నేను చేయగలిగిందంతా చేశాను. నన్ను నమ్మండి."

గార్డుకి ఏదో చెప్పి తలుపు తీయించాడు. లోపల మొత్తం బస్తాలే. నేల నుంచి కప్పు దాకా. మధ్యలో ఒక స్టూలు, దాని మీద అక్క. జుట్టుకి శాంపిల్ ట్యాగుల దారం చుట్టుకుంది. పెన్ను మూత నములుతోంది. ఏడ్చిన ముఖమే, కానీ చెల్లిని చూడగానే ముఖం మార్చేసింది.

"ఏమే, ఏమన్నా తిన్నావా?"

"అక్కా, నిన్ను జైల్లో వేస్తున్నారు."

"అందుకనే అడిగా. మళ్లీ ఎప్పుడు అడుగుతానో." అక్క పెన్ను మూత నోట్లోంచి తీసింది. "ఇంకెవరూ దొరకలేదా వాళ్లకి? నీకు కెమిస్ట్రీలో ముప్ఫై ఆరు మార్కులు."

"ముప్ఫై తొమ్మిది. తొందరగా చెప్పు. మెల్లగా కాదు, కానీ నాకర్థమయ్యేలా."

అక్క ఒక నల్ల రాయి ముక్క తీసి చేతిలో పెట్టింది. "మామూలు రాయైతే నూరి సైనైడ్ నీళ్లలో కలిపితే బంగారం నీళ్లలోకి దిగుతుంది. అందులో కొబ్బరి చిప్పల బొగ్గు వేస్తాం. బొగ్గు బంగారాన్ని పీల్చుకుంటుంది. ఆ బొగ్గుని మసిలే నీళ్లతో కడిగితే బంగారం వదిలేస్తుంది. ఆ నీళ్లని మేము నిండు నీళ్లంటాం. వాటిలో కరెంటు పెడితే బంగారం చేతికొస్తుంది. అర్థమైందా?"

"అయ్యింది. ఇందులో పేచీ ఏంటి?"

"కిందటేడు నుంచి ఈ నల్ల రాయి తగిలింది. దీంట్లో పుట్టుకతోనే బొగ్గుంది. నేను వేసే బొగ్గు కన్నా ముందే ఇది బంగారాన్ని మింగేస్తుంది. మింగి, బురదతో పాటు చెత్త చెరువులోకి పోతుంది. బోర్డుకి ఇదే చెప్పా. 'ఏమ్మా, మట్టి బంగారం తింటుందా?' అని అందరూ పడీ పడీ నవ్వారు."

"అయితే తిన్నది మట్టేనా?"

"అప్పుడు మట్టే. ఇప్పుడు కాదు." అక్క బస్తాల వైపు చేయి చూపింది. "నూరిన రాయిని నురగలో తేలగొట్టి, ఆ నల్ల బొగ్గుని ముందే తీసేయడం మొదలుపెట్టా. ఇవన్నీ అదే, ఎండబెట్టిన నల్ల నురగ. మిగిలిన రాయి బుద్ధిగా బంగారం ఇస్తోంది. గ్రేడ్ తక్కువైనా, అంటే బంగారం తక్కువున్నా, రికవరీ బాగుంది. రెండు నెలలుగా నిండు నీళ్ల ట్యాంకు దాకా లెక్క సరిగ్గా ఉంది. ఆ తర్వాత పోతోంది. మధ్యలో ఎవరో తీస్తున్నారే. అది చెప్తే, 'మళ్లీ మట్టే తినేసిందేమో చూడమ్మా' అన్నారు. ఆ తర్వాత 'మట్టి కాకపోతే నువ్వే' అన్నారు."

ఒకసారి నిజం చెప్పినందుకు రెండోసారి దొంగైపోయింది అక్క. ఎవడో ఆ నిజాన్నే ముసుగుగా కప్పుకుని, వెనక నుంచి ట్యాంకు ఖాళీ చేస్తున్నాడు.

*

మెట్లు దిగేసరికి కింద లోడింగ్ బే. ఒక స్టీలు ట్యాంకర్ నిలబడి ఉంది. పక్కన పెద్దక్షరాలతో 'వట్టి నీళ్లు' అని రాసి ఉంది. బంగారం తీసేశాక మిగిలే పనికిరాని నీళ్లన్నమాట. వారానికోసారి సరిహద్దు అవతల శుద్ధి చేసే కంపెనీకి వెళ్తాయి. పంపు పెద్దగా మోగుతోంది. పైన మూత తెరిచి ఉంది, అందులోకి గొట్టం.

పెన్సిల్ దాని పక్క నుంచి నడిచింది. కళ్లజోడు మసకబారింది.

తుడుచుకుంది. మళ్లీ మసకబారింది.

పెద్దాయన్ని మనసులో తిట్టుకోబోయి ఆగిపోయింది. ఆవిరి తగిలితే మసకబారుతుంది. వట్టి నీళ్లకి ఆవిరెందుకు? చెరువు నుంచి వచ్చే చెత్త నీళ్లు చల్లగా ఉండాలి. మసిలే నీళ్లు ఒకటే ఉన్నాయి ఈ ప్లాంటులో.

వెంటనే పరుగందుకుంది. ఆఫీసు వరండాలో అత్తరు కనపడ్డాడు.

"దొరికింది. ట్యాంకర్లో పోతోంది. వట్టి నీళ్ల పేరుతో నిండు నీళ్లు. ట్యాంకరు వేడిగా ఉంది, మీరే చేయి పెట్టి చూడండి."

అత్తరు శ్రద్ధగా విన్నాడు. "అద్భుతం. ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. మీకే ముందు."

గూఢచారి స్కూల్లో మొదటి రోజు మొదటి గంటలో చెప్పే పాఠం: ఈ ప్రశ్న అడిగినవాడికి నిజం చెప్పకూడదు. పెన్సిల్ ఆ రోజు ఆలస్యంగా వెళ్లింది.

"మంచిది," అన్నాడు అత్తరు. చేతి మీది కోటు కింద నుంచి పిస్టల్ మూతి కనపడింది. "పద, మీ అక్క దగ్గరికే."

గార్డుని టీకి పంపేసి, ఫోన్ లాగేసుకుని, శాంపిల్ స్టోర్‌లోకి తోసి, గుమ్మంలో నిలబడి తాపీగా చెప్పాడు. "ఇది ఆఖరి ట్రిప్పు. రెండు నెలల బంగారంలో ఆఖరి ఆరు కేజీలు. లోడింగ్ అవ్వగానే మీరిద్దరూ అదే ట్యాంకర్లో నాతో వస్తారు. సాయంత్రం విజిలెన్సు వచ్చేసరికి మెటలర్జిస్టు బంగారంతో సరిహద్దు దాటి పారిపోయింది. చెల్లెలు సాయం చేసింది. అవతల నది లోతుగా ఉంటుంది. ఎవరూ వెతకరు."

"నువ్వా?" అంది అక్క.

"బోర్డు మీటింగులో మొదట నవ్వింది నేనే. గమనించలేదా? మట్టి బంగారం తింటుందట. సీరియస్‌గా చెప్పావు చూడు, నవ్వాపుకోలేకపోయాను." ఇప్పుడూ నవ్వాడు. తలుపు పడింది. తాళం పడింది.

అక్క స్టూలు మీద కూలబడింది. "నా వల్లే నువ్వు కూడా..."

"అక్కా, ఏడుపు తర్వాత. బయటపడే దారి చెప్పు."

"లేదు. కిటికీకి ఊచలు. కింద లోడింగ్ బే, అంతే."

పెన్సిల్ కిటికీ దగ్గరికి వెళ్లింది. సరిగ్గా కింద ట్యాంకర్. తెరిచిన మూత, బావిలా, గుండ్రంగా. పంపు దగ్గర ఇద్దరు మనుషులు ముందువైపు కూర్చుని ఉన్నారు. మూత వాళ్లకి కనపడదు.

"మనం వెళ్లలేం. మరి ఏదైనా పడేయగలమా?" అంది పెన్సిల్. "ట్యాంకర్ పాడైపోయేది ఏదైనా."

అక్క తలెత్తింది. బస్తాల వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"దొంగని తీసుకెళ్లి దొంగిలించిన సొమ్ము మధ్యలో వదిలితే?" అంది నెమ్మదిగా. "ఈ నురగకి బంగారం కనపడితే ఆగదే. నీళ్లలోంచి మొత్తం లాగేసుకుంటుంది. ట్యాంకర్లో నిజంగానే వట్టి నీళ్లు మిగులుతాయి."

"మరి కూర్చున్నావేంటి?"

"కానీ వేడి నీళ్లలో పట్టుకోదు. వేడికే కదా బొగ్గు బంగారాన్ని వదిలేసేది. చల్లారాలి. అప్పుడే పట్టుకుంటుంది."

"చల్లారకపోతే?"

"అది చల్లారకపోతే మనం చల్లారిపోతాం."

మూలన రాతి శాంపిళ్లు పెట్టే ప్లాస్టిక్ గొట్టాలున్నాయి. రెండింటిని ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఊచల మధ్య నుంచి కిందికి దించారు. కొస ట్యాంకర్ మూతలోకి దిగింది. పెన్సిల్ తను వేసుకున్న నీలం ల్యాబు కోటు చేతిని చింపి గొట్టం నోటికి గరాటులా కట్టింది. అక్క బస్తాలు చింపుతోంది, పెన్సిల్ పోస్తోంది. నల్ల పొడి కాటుకంత మెత్తగా, నీళ్లలా జారిపోయింది. దగ్గు వస్తే కోటులో ముఖం పెట్టుకుని దగ్గారు. అక్క గోళ్లు విరిగాయి. పెన్సిల్ భుజం పట్టేసింది. ఎన్ని బస్తాలయ్యాయో లెక్క తెలియలేదు. పంపు మోత ఆగిపోయాక గానీ ఆగలేదు. గొట్టాలు పైకి లాగి బస్తాల వెనక పడేస్తుండగా తాళం చప్పుడైంది.

నిలువెల్లా నల్లబడి, కళ్లు మాత్రమే తెల్లగా ఉన్న ఇద్దర్నీ చూసి అత్తరు నిట్టూర్చాడు. "బస్తాలెక్కి కిటికీ విరగ్గొడదామనుకున్నారా? పాపం. రండి."

*

ట్యాంకర్ క్యాబిన్‌లో సీటు వెనక, డ్రైవర్ నడుం వాల్చే పలక మీద అక్కాచెల్లెళ్లని కూర్చోబెట్టాడు. తను ముందు కూర్చుని, కోటు కింద పిస్టల్ వాళ్ల వైపు తిప్పి పెట్టుకున్నాడు. డ్రైవర్‌కి అదేమీ తెలియదు. ల్యాబ్ మేడమ్స్ శాంపిల్ తీయడానికి వస్తున్నారని చెప్పారు. లావుపాటి మనిషి, స్టీరింగ్ పక్కన ఇద్దరు పిల్లల ఫోటో.

గేటు దాటింది. కాటా దగ్గర సిమెంటు లారీల క్యూ ఉంది. పెన్సిల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఎంత లేటైతే అంత చల్లారుతుంది. కాటా గుమాస్తా ట్యాంకర్ నంబరు చూసి, పక్క దారి తెరిచి, నేరుగా పంపించేశాడు. అత్తరు చేయి ఊపాడు. లేచొచ్చిన ప్రాణం మళ్లీ కూర్చుంది.

అక్క వెనక గోడకి అరచేయి ఆనించింది. రేకు అవతల ట్యాంకు. చెల్లి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఇంకా కాలిపోతోంది.

రోడ్డు తారు కొత్తది. బండి దూసుకుపోతోంది. ఇలాగే పోతే నది ఎంతో దూరం లేదు. పెన్సిల్ బుర్రలో ఒక్క ప్లానూ లేదు. గన్ను లేదు. ఫోన్ అత్తరు దగ్గరుంది. మిగిలింది నోరు.

"అన్నా, పైన మూత నట్లు బిగించారా?" అంది.

"ఏమోనమ్మా, లోడింగ్ వాళ్లు చూసుకుంటారు."

"పర్లేదులెండి. కొద్దిగా తొణికినా గాలికి ఆరిపోతుంది. సైనైడ్ కాబట్టి వాసన వస్తే మాత్రం..."

బండి ఆగిపోయింది. అత్తరు తల ముందు అద్దానికి తగిలింది.

"సైనైడా?" డ్రైవర్ సీట్లోనే వెనక్కి తిరిగాడు. "సార్, వట్టి నీళ్లన్నారు కద సార్ నాతో."

"వట్టి నీళ్లే. పోనీయ్."

"వట్టి నీళ్లే అన్నా," అంది అక్క, ప్లాంటు స్వరంతో. "వట్టి సైనైడ్ నీళ్లు. అన్ని ట్రిప్పులూ అవే."

"ఏడాదినుంచి నడుపుతున్నానమ్మా దీన్ని. అన్నం కూడా ఈ ట్యాంకు మీదే పెట్టుకుని తిన్నా." డ్రైవర్ ముఖం పాలిపోయింది. "ఏం కాదా?"

"కుదుపు లేకుండా మెల్లగా వెళ్తే ఏం కాదు," అంది పెన్సిల్. "లీకైతే మాత్రం వెనక రాసిన నంబరుకి ఫోన్ చేయాలి కదా, రూలు."

"లీకేం లేదు," అన్నాడు అత్తరు పళ్లు బిగించి.

"మీకేం సార్, మీరు కిటికీ పక్కన కూర్చున్నారు."

ఆ తర్వాత ఆ ట్యాంకర్ని సైకిళ్లు దాటాయి. ఒక ముసలాయన మేకల్ని తోలుకుంటూ దాటాడు. గుంత కనపడితే డ్రైవర్ బండి ఆపి, దిగి చూసి, మళ్లీ ఎక్కి, గర్భిణిని దాటించినట్టు దాటిస్తున్నాడు. అత్తరు వాచీ చూసుకున్నాడు, బతిమాలాడు, బెదిరించాడు. సూట్లు, పిస్టళ్లు, నాలుగు భాషలు, అన్నీ వచ్చు అతనికి. పద్దెనిమిది టన్నుల బండి నడపడం మాత్రం రాదు. ఈ ఒక్క కారణంగా డ్రైవర్ బతికున్నాడు.

మధ్యలో ఒంటేలుకని దిగి పొదల వెనక్కి వెళ్లిన డ్రైవర్, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు ఉండి వచ్చాడు. వచ్చాక ఎవరి ముఖమూ చూడలేదు.

అక్క మళ్లీ అరచేయి ఆనించింది. ఈసారి తల ఊపలేదు. వేళ్లతో 'కొంచెం' అని చూపింది. కొంచెం చల్లారిందో, కొంచెమే చల్లారిందో, పెన్సిల్‌కి అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

*

వంతెనకి ముందు పాడుబడ్డ ఇటుకల బట్టీ. దాని నీడలో రెండు నల్ల కార్లు. తెల్ల గ్లౌజులు తొడుక్కున్న ఒక పొడుగాటి మనిషి, చుట్టూ నలుగురు తుపాకుల వాళ్లు. అవతలి ముఠా నాయకుడు అతనే. తెలుగు ఎక్కడో పాత పుస్తకాల్లో నేర్చుకున్నట్టున్నాడు.

"మిక్కిలి ఆలస్యమైనది."

"డ్రైవర్ ప్రాబ్లం," అన్నాడు అత్తరు. డ్రైవర్ అప్పటికే కిందికి దిగి, బట్టీ వెనక్కి నడిచి, అక్కడి నుంచి పరిగెత్తాడు. ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లకి కావలసింది ట్యాంకు.

"కెమిస్టేడీ?" అని అడిగాడు అత్తరు.

"రసాయన శాస్త్రజ్ఞునికి నోరుండును. యంత్రమునకుండదు." గ్లౌజుల నాయకుడు టిఫిన్ బాక్సంత మెషీన్ ఒకటి కారు మీద పెట్టించాడు. ఒకడు ట్యాంకరెక్కి బాటిల్‌తో నీళ్లు ముంచాడు. నల్లగా ఉన్నాయి. కాగితం గరాటులో వడగట్టాడు. నలుపంతా కాగితం మీద నిలిచిపోయి, కింద తేటనీరు దిగింది. మెషీన్‌లో పోశాడు.

అక్క పెన్సిల్ చెయ్యి పట్టుకుంది.

"నీవు చెప్పినదానిలో సగము," అన్నాడు నాయకుడు.

అక్క కళ్లు మూసుకుంది. సగం. ఆ సగం కోసమైనా వాళ్లు ట్యాంకర్ని తీసుకెళ్తారు. పోయేది సగం బంగారం, మొత్తం అక్క.

"కాదే," అన్నాడు అత్తరు. "పైన పైన తీసుంటారు. బాగా కలియబెట్టి మళ్లీ చూడండి."

పొడవాటి కర్రతో ఒకడు ట్యాంకులో కలియతిప్పాడు. వాడు తిప్పినకొద్దీ అడుగున పడున్న నల్ల నురగ లేచి నీళ్లంతా కలిసింది. బట్టీ మీదుగా నది గాలి చల్లగా వీస్తోంది. మళ్లీ ముంచారు. మళ్లీ వడగట్టారు.

"సగములో సగము."

"మెషీన్ పాడైంది."

ఇంకోసారి తిప్పారు. అందరి కళ్ల ముందే, ఎవరూ ముట్టుకోకుండా, ఆరు కేజీల బంగారం మెషీన్ తెర మీద కరిగిపోతోంది. నాలుగోసారి నాయకుడు అంకె చదవలేదు. గ్లౌజులు సర్దుకున్నాడు.

"నీవు నాకు వట్టి నీరు విక్రయించుచున్నావు."

అత్తరు అక్క జుట్టు పట్టి లాగి కణతకి పిస్టల్ ఆనించాడు. చొక్కా చెమటకి ఒంటికంటుకుంది. వాసన ఇప్పుడు వేరేగా ఉంది. "ఏం చేశావ్? చెప్పు. ఏం చేశావ్?"

"నేనేం చేయగలను?" అంది అక్క. "గదిలో తాళం వేసి పెట్టింది నువ్వే. లోడింగ్ చూసింది నువ్వే. నిండు నీళ్లు ఇంకెవరికి పంపావో నాకేం తెలుసు?"

"రెండు వైపులా జీతం తీసుకునేవాడు మూడో వైపు కూడా చూసుకోడా?" అంది పెన్సిల్, నాయకుడికి వినపడేలా.

నాయకుడి చూపు అత్తరు మీదికి తిరిగింది. దాంతో పాటు నాలుగు తుపాకులూ తిరిగాయి.

అత్తరు అటూ ఇటూ చూశాడు. కారు బానెట్ మీద వడగట్టిన కాగితం కనపడింది. దాని మీద తడి నల్ల పొడి. అక్క గోళ్ల కింద అదే పొడి. చెల్లి జుట్టులో అదే. అతని ముఖంలో అప్పుడు వెలిగిన వెలుగు చూస్తే జాలేస్తుంది.

"ఆ నలుపు," అన్నాడు. "ఆ నల్ల పొడి చూడండి. బంగారం దాంట్లో ఉంది. ఈ మట్టి తినేసింది. నిజం. బురద తీసి టెస్ట్ చేయండి."

నాయకుడు కాగితం వైపు చూశాడు, మెషీన్ వైపు చూశాడు. మెషీన్‌కి నీళ్లు తప్ప ఇంకేమీ తెలియదు. మట్టి సంగతి చెప్పగల కెమిస్టుని తనే వద్దనుకున్నాడు.

"మృత్తిక... సువర్ణమును భుజించినదా?"

తుపాకులవాళ్లలో ఒకడు ముందు నవ్వాడు. తర్వాత నలుగురూ నవ్వారు. అత్తరు నవ్వలేదు. ఆ నవ్వు ఎలా మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో అతని కన్నా బాగా తెలిసినవాడు లేడు.

"ముగ్గురినీ నదిలో త్రోయుడు," అన్నాడు నాయకుడు. "నీటిని కూడా."

పిస్టల్ అత్తరు చేతిలోంచి లాగేశారు. ఒకడు పెన్సిల్ మెడ పట్టుకుని గట్టు వైపు తోశాడు. అక్క కాలు జారింది, మోకాళ్ల మీద ఈడ్చారు. గట్టు అంచున మట్టి పెళ్లలు విరిగి నీళ్లలో పడుతున్నాయి. పెన్సిల్‌కి ఏ ప్లానూ రాలేదు. అక్క చేయి మాత్రం వదల్లేదు. వెనక తుపాకీ ఎక్కుపెట్టిన చప్పుడైంది.

అప్పుడు రోడ్డు మీద హారన్ మోగింది. పసుపు రంగు వ్యాను ఒకటి బట్టీలోకి దూసుకొచ్చింది. పైన మైకు గొంతు చించుకుంటోంది.

"సైనైడ్ లీక్. సైనైడ్ లీక్. ఎవరూ ఊపిరి పీల్చకండి. ముక్కు, నోరు రెండు చేతులతో మూసుకోండి."

మనిషికి ఉన్నవి రెండే చేతులు. నాలుగు తుపాకులు ఒకేసారి నేల మీద పడ్డాయి. గ్లౌజుల నాయకుడు తెల్ల గ్లౌజులతో ముఖం కప్పుకుని కారు వైపు పరిగెత్తి, కారు తలుపు తెరవడానికి చేయి కావాలని గుర్తొచ్చి, అక్కడే నిలబడిపోయాడు. వ్యాన్‌లోంచి పసుపు సూట్ల వాళ్లు దిగి, ఊపిరాడక నీలం రంగు తిరుగుతున్న వాళ్లని తీరిగ్గా ఒక్కొక్కరినే కట్టేశారు. అందులో ఒక సూటు మిగతావాటికన్నా పొట్టిగా, పొట్టతో ఉంది.

"డ్రైవర్ ప్లాంటు సేఫ్టీకి ఫోన్ చేశాడు," అన్నారు పెద్దాయన మాస్కు తీస్తూ. "ఆవిరికి నీ కెమెరా ఆగిపోయేసరికి నేను అప్పటికే అక్కడ నీ కోసం వెతుకుతున్నా. లీక్ ఎక్కడ?"

"లీకేం లేదు సర్," అంది పెన్సిల్. చెప్పి, గట్టు మీదే కూర్చుండిపోయింది. అప్పుడొచ్చింది ఏడుపు. అక్క పక్కన కూర్చుని, నల్ల చేత్తో చెల్లి ముఖం తుడిచి, ఉన్న నలుపుని ఇంకాస్త పెంచింది.

*

మర్నాడు బోర్డు సభ్యులందర్నీ కొలిమి దగ్గర నిలబెట్టింది అక్క. ట్యాంకర్ అడుగు నుంచి తోడిన నల్ల బురదని ఆరబెట్టి, వాళ్ల కళ్ల ముందే కాల్చింది. బొగ్గు కాలిపోయింది. మిగిలిన బూడిదని కరిగించి అచ్చులో పోసింది. ఇటుక ముక్కంత బంగారం ఎర్రగా మొదలై పచ్చగా చల్లారింది. తర్వాత ఛైర్మన్ గొంతు సవరించుకుని, మట్టి మీద తనకి మొదటి నుంచీ అనుమానం ఉందని అన్నాడు.

విజిలెన్సు వాళ్లు కాగితం మీద సంతకం తీసుకుని వెళ్లిపోయారు. కొలిమి గది బయట మెట్ల మీద అక్కాచెల్లెళ్లు టీ తాగుతూ కూర్చున్నారు. అక్క వేలికి ఉన్న ఉంగరాన్ని మెల్లగా తిప్పి తీసింది. దాన్ని పెన్సిల్ అప్పుడే చూసింది.

"అతనిచ్చిందా?"

"ఊఁ. పోయిన నెల."

"బంగారమేనా?"

"ఇచ్చిన రోజే ల్యాబులో టెస్ట్ చేశా. పైన పూత, లోపల ఇత్తడి."

పెన్సిల్ టీ గ్లాసు కింద పెట్టింది. "ఇచ్చిన రోజే తెలుసా? మరి ఎందుకు వదల్లేదే?"

అక్క ఉంగరాన్ని కొలిమి పక్కనున్న చెత్త డబ్బాలోకి విసిరి, చేతులు దులుపుకుంది.

"గ్రేడ్ తక్కువేననుకో. ప్రాసెస్ చేస్తే రికవరీ ఉంటుందేమోనని చూశా."